నా ఆపరేషన్‌లో పదకొండో గుడ్డ

మార్కాపురంలో నాకు ఆపరేషన్ జరిగిన సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళకు నేనే చెప్పాను. ఒకే పొద్దున అయిదుసార్లు నా పొట్ట కోశారు. అయిదోసారి కోయబోతుండగా నేను బల్ల మీద లేచి కూర్చుని, ఒంగోలు నుంచి వచ్చిన పెద్ద డాక్టరుతో ముఖాముఖి మాట్లాడాను. మాట్లాడి, మళ్ళీ పడుకుని, తక్కిన ఆపరేషన్ కూడా చేయించుకుని, సాయంత్రం ఇంటికి నడిచివచ్చి గోంగూర పప్పుతో రెండు విడతలు అన్నం తిన్నాను. టీ దుకాణం దగ్గర ఈ మాట విని ఒకాయన తాగుతున్న గ్లాసు కింద పెట్టేశాడు.

రాసేటప్పుడు మాత్రం కాస్త తగ్గించుకోవాలి. టీ దుకాణంలో అన్న మాట గ్లాసు కడిగేసరికి పోతుంది, కాగితం మీద పడ్డది పోదు. కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను. కత్తి నా ఒంటికి తగల్లేదు. ఆ పెద్ద డాక్టరు, విద్యార్థులకు పరీక్ష పెట్టడానికి వచ్చిన ఎగ్జామినర్. ఆ థియేటర్ ఒక పారామెడికల్ కాలేజీ మేడ మీద ఉన్న ప్రాక్టికల్ గది. అయితే లేచి కూర్చున్న మాట మాత్రం అక్షరాలా నిజం. ఎందుకు లేచానో తెలియాలంటే మా కోడలి సంగతి చెప్పాలి.

మా కోడలికి రెండో కాన్పు ఆపరేషన్‌తో అయింది. నడుముకు ఇంజెక్షన్ ఇచ్చారు, మనిషి మెలకువగానే ఉంది. ముఖానికి అడ్డంగా పచ్చగుడ్డ కట్టారు. ఆ గుడ్డ అవతల ఏం జరుగుతోందో తెలియక వణికిపోతుంటే, ఎవరో ఆడపిల్ల గొంతు ఒకటి, రెండు, మూడు అని గట్టిగా లెక్కపెట్టడం వినిపించిందట.

"అది విన్నాక నాకు భయం పోయింది మామా," అని ఇంటికి వచ్చాక చెప్పింది. "లోపల పెట్టినవన్నీ బయటికి వచ్చినాయా లేదా అని చూసేదానికి ఒక మనిషి ఉంది గదా అనిపించింది. ఆ పని నేను నేర్చుకుంటా."

మేమంతా ఆ మాట చంటిబిడ్డతో పాటు పెరిగి, బడికి పోయి, మరుగున పడిపోతుందనుకున్నాం. పడలేదు. చిన్నది బడిలో చేరిన నెలకే, పెళ్ళికి ముందు చదివిన ఇంటర్ సర్టిఫికెట్లు పెట్టె అడుగు నుంచి తీసి, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ డిప్లొమాలో చేరింది. జిల్లాల గీతలు మళ్ళీ గీసి, మా ఊరిని ప్రకాశంలోనే ఉంచిన ఏడాది అది. రెండేళ్ళ కోర్సు.

మా వాడు ట్రాక్టర్ల మెకానిక్. మంచివాడే గానీ నోరు ఊరుకోదు. "స్పానర్లు అందించేదానికి గూడా కోర్సు ఉండాదా?" అన్నాడు.

"నువ్వు ఇంజన్లో స్పానరు మరిచిపోతే ట్రాక్టరు ఒక్కటే ఆగుతుంది," అంది కోడలు గిన్నె తోముతూనే.

వాడు స్పానర్ల సంచి తీసుకుని పనికి పోయాడు.

ఆ రెండేళ్ళు మా ఇల్లు ఇల్లు కాదు, ఆసుపత్రి! అంత పొడిగించనక్కర్లేదు గానీ, వంటగది మాత్రం సగం థియేటరే. చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్ది, పైకెత్తి పట్టుకుని, తలుపును మోచేత్తో తోసుకుని వచ్చేది. పిల్లలిద్దరూ అదే నేర్చుకుని మోచేతులతో తలుపులు తోసేవాళ్ళు. గరిటె అడిగితే పిడి అరచేతిలో టప్పున పడేలా అందించాలి, మెత్తగా పెడితే ఒప్పుకునేది కాదు. "డాక్టరు కళ్ళు కోసే చోట ఉంటాయి మామా, చెయ్యి ఒక్కటే నా వైపు చాపుతాడు. వస్తువు వచ్చిందని ఆ చేతికి తెలియాల." నేను రోజంతా గరిటెలూ పట్టకార్లూ టప్పుటప్పున అందిస్తూ కూర్చునేవాణ్ణి. ఈ వయసులో అంత హుషారు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఎప్పుడెప్పుడు కాలేజీ నుంచి వస్తుందా, ఇవాళ ఏం చెప్పారో అని వాకిట్లో కాచుకునేవాణ్ణి.

అన్నీ నేర్చింది. పనిముట్ల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పేది. కానీ మొదటి ప్రాక్టికల్ పరీక్షలో తప్పింది. కారణం ఎగ్జామినర్ ఒకే ముక్కలో రాశాడట: లెక్క వినపడలేదు.

థియేటర్‌లో ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి. ఒకరు నెత్తురు అద్దే గుడ్డముక్కలను ఒక్కొక్కటిగా విడదీసి చూపిస్తూ పైకి అనాలి. ఇంకొకరు చూసి, విని, బోర్డు మీద రాయాలి. కోత పెట్టకముందు ఒకసారి, కుట్లు వేయకముందు ఒకసారి, అంతా అయ్యాక ఇంకోసారి. మా కోడలు లెక్క తప్పలేదు. గొంతు పైకి రాలేదు, అంతే. ఎట్లా వస్తుంది? మా ఇంటికి వచ్చిన నాటి నుంచి నా ముందు గొంతు పెంచని మనిషి. మొగుడికి సమాధానం చెప్పినా గిన్నె వైపు చూస్తూ చెప్పే మనిషి. అది మర్యాద అని మేమే మెచ్చుకున్నాం. ఆ మర్యాదే పరీక్ష హాల్లో ఆమెను తప్పించింది.

రెండో అవకాశం నెలన్నరలో ఉంది. ఊళ్ళోనే ఒక ఆసుపత్రివాళ్ళు ఆమె పని చూసి, థియేటర్‌లో చోటు ఆపి ఉంచారు. పాసైన కాగితంతో రమ్మన్నారు. ఈసారి గనక తప్పితే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. కోడలు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ముందే తక్కువ మాట్లాడే మనిషి కాబట్టి ఇంట్లో ఆ తేడా నేనొక్కణ్ణే గమనించాను.

లెక్కపెట్టడం నేర్పడానికి ఈ దేశంలో నాకంటే తగినవాడు లేడు. పలక మీద అక్షరం దిద్దిన ప్రతివాడి పలకా నా చేతి మీదుగా లెక్కపడి పోయిందే. సరే, ప్రతివాడిదీ కాదు. మార్కాపురంలో ఒక్క పలకల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ మూలన, ముప్పై ఏళ్ళు లెక్కపెట్టాను. పలకలను పెట్టెలో నిలువుగా పేర్చి, మధ్యలో గడ్డి కూరుతూ, ఒక్కో పలకకూ గొంతెత్తి అరవడం మా పద్ధతి. మిషన్ల రొదలో మేస్త్రీకి వినపడాలి కదా.

కోడలిని మేడ ఎక్కించి, నేను వీధి చివర నిలబడ్డాను. "అను!" అని చెయ్యి ఊపాను. ఏమీ వినిపించలేదు. వీధివాళ్ళు ఇద్దరు ఆగి, ముసలాయన ఎవరికి చెయ్యి ఊపుతున్నాడా అని చూశారు. మూడో రోజుకు సన్నగా వినిపించింది. వారానికి పక్కింటావిడ బయటికొచ్చి, "ఏంది పాపా, వడియాలు లెక్కపెడుతుండావా?" అని అడిగింది. ఆ పూట నాకు పండగే.

ఒక్క పేచీ మాత్రం వచ్చింది. మేము సరుకు లెక్క ఎప్పుడూ లాభంతో మొదలుపెడతాం. ఒకటి అనం. లాభం, రెండు, మూడు.

"మామా, అక్కడ నేను లాభం అంటే నన్ను మెట్లు దించుతారు," అంది కోడలు.

"శుభమా అని మొదలుపెడితే తప్పేంది?"

"ఆపరేషన్లో లాభం ఎవరికి మామా?" అని మేడ మీద నుంచి నవ్వింది. ఆ నవ్వు వీధి చివరికి వినిపించింది. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది.

ఇక నా తప్పు దగ్గరికి వస్తున్నాను.

పరీక్షకు వారం ముందు కోడలికి క్యారియర్ ఇవ్వడానికి కాలేజీకి వెళ్ళాను. అక్కడి అటెండర్ సెలవులో ఉన్నాడు. పరీక్షకు గాజుగుడ్డ ముక్కలు మడిచి, పదేసి చొప్పున కట్టలు కట్టాల్సిన పని అలాగే పడి ఉంది. ప్రాక్టికల్స్ చూసే మేడమ్ తల పట్టుకుని కూర్చుంది. "నాకిచ్చి చూడండమ్మా," అన్నాను. రెండు పూటల్లో ఇరవై కట్టలు కట్టి అప్పజెప్పాను. అంచులు కలిసేలా మడత, పైన దారంతో ముడి. మేడమ్ చూసి, "తాతా, మిషన్ చేసినట్టు ఉండాయి," అంది. ఆ మెచ్చుకోలు వారం రోజులు నా నెత్తిన కిరీటంలా ఉంది. పరీక్ష అయ్యాక చెబుదామని కోడలికి మాత్రం చెప్పలేదు.

పరీక్ష రోజు ఇంకో చిక్కు వచ్చింది. పేషెంటుగా పడుకోబెట్టే ప్లాస్టిక్ బొమ్మను మెట్లెక్కిస్తుంటే నడుము దగ్గర విరిగింది. అప్పటికే ఎగ్జామినర్ వచ్చేశాడు. మేడమ్ చుట్టూ చూసింది. వరండాలో క్యారియర్‌తో నేనున్నాను.

"తాతా, కాసేపు బల్ల మీద పడుకుంటావా? మత్తులో ఉన్నట్టు. కదలకూడదు, మాట్లాడకూడదు."

"దగ్గు వస్తే?"

"రాకూడదు."

పడుకున్నాను. మెడ దగ్గర అడ్డంగా పచ్చగుడ్డ కట్టారు, ఒంటి మీద ఇంకో గుడ్డ కప్పారు. నాకు సీలింగ్ ఫ్యానూ, అవతలి మాటలూ తప్ప ఇంకేమీ లేవు. కాన్పు రోజున మా కోడలు ఇట్లాగే పడుకుని విన్నదని గుర్తొచ్చి, చిన్నపిల్లాడిలా సంతోషం కలిగింది. ఆమె వంతు అయిదోది. ముందు నలుగురు ఉన్నారు.

మొదటి పిల్ల కురిచేడు నుంచి రోజూ రైల్లో వచ్చేది. కట్ట విప్పి, ఒకటీ రెండూ మూడూ అని గడగడా పది దాకా అప్పజెప్పింది. బోర్డు దగ్గర రాస్తున్న పిల్లతో గుసగుసగా, "ఇంకోటి ఉన్నట్టుందే," అంది. "రెండు అతుక్కున్నాయిలే, పది అను," అంది అవతలి పిల్ల.

గుడ్డ కింద నేను ఆ కట్టలు కట్టిన తీరు గుర్తుచేసుకున్నాను.

అతుక్కోలేదు. అది కొసరు. ముప్పై ఏళ్ళు పెట్టె పెట్టెకూ లెక్క అయ్యాక ఇంకొక పలక వేశాను. లారీలో దారిపొడుగునా అదిరి ఒకటి పగిలినా, తీసుకున్నవాడికి లెక్క తగ్గకూడదని. ఆ కొసరు పలకకు అరుపు లేదు, రాత లేదు. నోరు ఆగిపోయాక చెయ్యి దానంతటది ఇంకొకటి వేసేది. గాజుగుడ్డ కట్టలు కట్టేటప్పుడు కూడా చెయ్యి నన్ను అడగలేదు. ఇరవై కట్టలు. ఇరవైలోనూ పదకొండు!

రెండో పిల్ల పది అంది. మూడోవాడు పది అన్నాడు. నాలుగో పిల్ల కూడా పదే. చివరి లెక్కలోనూ అందరిదీ పదే. ఎగ్జామినర్ ఏమీ అనలేదు. తన పుస్తకం నా మోకాలి మీద ఆనించుకుని ఏదో రాసుకుంటున్నాడు, కలం కదలడం నాకు మోకాలికి తెలుస్తోంది. ఎవరికీ తెలియలేదు, గండం గడిచింది అనుకుంటుండగా మా కోడలు వచ్చింది.

ఆమె గడగడా చదవలేదు. ఒక్కో ముక్కా విడదీసి, ఎత్తి చూపి, ఒకటి అంది. మళ్ళీ విడదీసి, రెండు అంది. గొంతు బాగానే పలుకుతోంది. ఎనిమిది. తొమ్మిది. పది. ఆగింది.

"పదకొండు," అంది.

బోర్డు దగ్గరున్న కురిచేడు పిల్ల చాక్‌పీసు పట్టుకుని నిలబడిపోయినట్టుంది, రాసిన చప్పుడు లేదు.

"ఈ కట్ట వద్దు సార్. మొత్తం బయటికి పంపుతుండాను," అంది కోడలు. ఇంకో కట్ట విప్పింది. మళ్ళీ ఒకటి నుంచి పదకొండు దాకా. అదీ బయటికే. మూడోది విప్పింది. అదీ పదకొండే. ప్రతి పదకొండుకూ నేను గుడ్డ కింద అరంగుళం కుంగిపోతున్నాను.

"ఏమ్మా, టైమ్ అయిపోతుంది," అన్నాడు ఎగ్జామినర్. "ఒక్కటేగా ఎక్కువ? ఆ బకెట్లో పడేసి పది అని రాయించు. నీకిది రెండోసారి కదా, మళ్ళీ పోగొట్టుకుంటావా?"

కోడలు మూడో కట్టను కూడా పక్కకు నెట్టిన చప్పుడైంది.

"రాయించను సార్," అంది కోడలు. గొంతు మొదట తగ్గి, మళ్ళీ లేచింది. "కట్టిన మనిషి ఏం లెక్కన కట్టినాడో నాకు తెలియదు. తెలియని కట్టలోది ఒక్కటి గూడా బల్ల మీదికి రానియ్యను. టైమ్ పోతే పోనీ సార్."

"ఇంతకీ ఈ కట్టలు కట్టింది ఎవరు?"

కోడలే చెప్పింది. "మా మామ సార్."

"ఎక్కడున్నాడు?"

"మీ పుస్తకం ఆయన మోకాలి మీదే ఉంది సార్."

నేను లేచి కూర్చున్నది అప్పుడు. పచ్చగుడ్డ మెడ నుంచి వేలాడుతోంది. పుస్తకం కింద పడింది. పిల్లలు నవ్వాలో ఏడవాలో తెలియక చూస్తున్నారు.

"ఏంటయ్యా ఇది, పెద్దాయనా?" అన్నాడు ఎగ్జామినర్.

"కొసరు సార్."

"కొసరా?"

"పలకల్లో పెట్టెకొకటి వేస్తాం సార్. దారిలో పగిలితే మాట రాకుండా."

"గుడ్డ పగలదు కదయ్యా!"

"నాకు తెలుసు సార్. చేతికి తెలియదు."

అందరూ నవ్వారు. ఎగ్జామినర్ కూడా నవ్వాడు గానీ వెంటనే ఆపేశాడు. "పది లోపలికి పోయాయని రాస్తారు. పది బయటికి వచ్చాయని రాస్తారు. లెక్క సరిపోయిందని కుట్లు వేస్తారు. నీ పదకొండోది ఎక్కడుంటుంది?"

నేను నా పొట్ట వైపు చూసుకున్నాను. చెయ్యి దానంతటదే అక్కడికి పోయింది.

"పొద్దున్నుంచి చూస్తున్నాను," అన్నాడాయన పిల్లల వైపు తిరిగి. "మొదటి కట్టలోనే పదకొండు ఉన్నాయి. ఎవరు చెప్తారా అని కూర్చున్నాను." "మధ్యాహ్నం నలుగురూ మళ్ళీ చేయాలి. పెద్దాయనా, పడుకో. నీ ఆపరేషన్ ఇంకా కాలేదు."

మేడమ్ అలమారలోంచి కంపెనీ సీలు ఉన్న కట్ట తెచ్చింది. ఒక్కో ముక్కలోనూ ఎక్స్‌రేలో కనపడే నీలం దారం ఉంటుందని కోడలు చెప్పేది, దాన్ని వెతికి చూపిస్తూ లెక్కపెట్టింది. పది. కురిచేడు పిల్ల ఈసారి ప్రతి ముక్కనూ చూసి బోర్డు మీద రాసింది. నా పొట్ట మీద కత్తెరలూ పట్టకార్లూ అటూ ఇటూ తిరిగాయి. ఎగ్జామినరే సర్జన్. ఉన్నట్టుండి చెయ్యి చాపి, "మూసేస్తున్నా. సూది ఇవ్వు," అన్నాడు.

"ఆగండి సార్! లెక్క కాలేదు."

ఆ అరుపు బస్టాండు దాకా వినిపించింది. బస్టాండు దాకా కాదు గానీ, మెట్ల కింద కూర్చున్న వాచ్‌మన్ పైకి వచ్చి తొంగిచూశాడు, అది నిజం. పది ముక్కలూ ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. నేనూ పెదవులు కదపకుండా లోలోపల ఆమెతో పాటు లెక్కపెట్టాను. ఒకటితోనే మొదలుపెట్టాను.

"పోయినసారి ఈమె లెక్క నాకు వినపడలేదని రాశాను," అన్నాడు ఎగ్జామినర్ కలం మూసి. "ఈసారి మత్తులో ఉన్న పేషెంటుకే వినపడింది."

మధ్యాహ్నం ఆ నలుగురి కోసం నేను మళ్ళీ నాలుగుసార్లు పడుకున్నాను. "తాతా, నీ కొసరు మా కొంప ముంచింది," అని కురిచేడు పిల్ల నా పొట్ట మీద గుడ్డ కొంచెం విసురుగానే కప్పింది. ఒక్కో ముక్కా విడిగా మడిచి, అందరం కలిసి లెక్క చూసిన కొత్త కట్టలతో నలుగురూ గట్టెక్కారు. మా కోడలు పాసైంది. ఆసుపత్రివాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. ఇప్పుడు పొద్దున్నే డ్యూటీకి పోతుంది.

టీ దుకాణంలో నేను చాలా రోజులు ఇంకోలా చెప్పాను. పిల్లలను పరీక్షించడానికే ఆ కొసరు కావాలని వేశానని. ఎగ్జామినర్‌కూ నాకూ ముందే మాట అయిందని కూడా ఒకసారి అన్నాను. అబద్ధం. చెయ్యి చేసిన తప్పు అది.

ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. కోడలు ఎనిమిది, తొమ్మిది అని అంటున్నప్పుడు, నేను గుడ్డ కింద కళ్ళు మూసుకుని, పది దగ్గర ఆగిపో తల్లీ అని మొక్కుకున్నాను. ఆమె పాస్ కావాలని కొంత. నా తప్పు బయటపడకూడదని ఎక్కువ. మేడ మీద నిలబెట్టి నెలన్నర గొంతు నేర్పినవాణ్ణి, ఆ గొంతు ఒక్క మాట తక్కువ పలకాలని కోరుకున్నాను.

నిన్న ఇదంతా రాసి కోడలికి చదివి వినిపించాను. డ్యూటీకి టైమ్ అయింది, నిలబడే వింది. చివరి ముక్క చదివేటప్పుడు నేను ఆమె వైపు చూడలేదు.

"నాకు తెలుసు మామా," అంది.

"ఏం తెలుసు?"

"మొదటి కట్టలో పదకొండు అనగానే నీ కాలి బొటనవేళ్ళు రెండూ గుడ్డ కింద ముడుచుకున్నాయి. మత్తులో ఉన్న పేషెంటు వేళ్ళు ముడుచుకోవు. కట్టింది నువ్వేనని అప్పుడే అర్థమైంది."

"మరి రెండో కట్ట ఎందుకు విప్పినావు?"

"ఒక్క దాంట్లోనే వేసి ఉంటావేమో అనుకున్నా," అని క్యారియర్ తీసుకుని, మోచేత్తో తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.